పాఠం 7: పాత కారు, కనిపించని లోపం – దిగువ కృష్ణా డెల్టాలో మోటారు వాహనాల సామాజిక చరిత్ర

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కాలువ నుంచి రోడ్డుకు
7.3 కొరత కాలపు కార్లు
7.4 లీకుల పరిశీలన
7.5 పొగ, శబ్దం, తొక్కుడు
7.6 ఉప్పు, వరద: డెల్టా ప్రత్యేక లోపాలు
7.7 నమ్మకం, మార్కెట్టు, చట్టం
7.8 చెవి నుంచి స్కానరుకు
7.9 సారాంశం
7.10 కీలక పదాలు
7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు

1. దిగువ కృష్ణా డెల్టాలో రవాణా జలమార్గం నుంచి రోడ్డుకు మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
2. లైసెన్సు–పర్మిట్ల కాలంలో పాత కార్లకు గిరాకీ ఎందుకు ఏర్పడిందో చెప్పగలుగుతారు.
3. పాత కారులోని సాధారణ యాంత్రిక లోపాలను, లీకులను గుర్తించే పద్ధతులను, వాటి వెనుక ఉన్న కారణాలను తెలుసుకుంటారు.
4. కొనేవారికీ అమ్మేవారికీ మధ్య ఉండే సమాచార అసమానతను చట్టం, మార్కెట్టు, మెకానిక్ ఎలా ఎదుర్కొన్నారో విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

చరిత్ర అనగానే మనకు రాజ్యాలు, యుద్ధాలు, ఉద్యమాలు గుర్తుకు వస్తాయి. కాని ఒక వస్తువు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే తీరులో కూడా ఆ సమాజపు చరిత్ర ఉంటుంది. పాత కారు అమ్మకం అందుకు మంచి ఉదాహరణ. అమ్మేవారికి ఆ బండి గురించి అన్నీ తెలుసు. ఏ ఎండాకాలంలో ఇంజిను వేడెక్కి ఆగిందో, ఏ వానాకాలంలో నీళ్లలో నిలబడిందో వారికి తెలుసు. కొనేవారికి కనిపించేది రంగు, సీటు కవర్లు మాత్రమే. ఈ అంతరాన్ని పూడ్చడానికి సమాజం చేసిన ప్రయత్నాల చరిత్రే ఈ పాఠం.

ఈ సమస్య మచిలీపట్నానికి కొత్తది కాదు. 1611లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ ఓడ ఈ రేవుకు వచ్చింది. అంతకు ముందే డచ్చివారు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. ఈ కంపెనీల వర్తకులు వస్త్రాన్ని ముందుగా ఇచ్చిన మచ్చుతో సరిపోల్చి, నేతనూ పొడవునూ పరీక్షించి, నాణ్యతను బట్టి వేరుచేసి కొనేవారు. మచ్చు చూడకుండా సరుకు కొనరాదన్నది ఆ వ్యాపారపు మొదటి సూత్రం. ఇదే పట్టణానికి చెందిన చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్ నగలకు పేరుపొందింది. పైపూత చూసి లోపలి లోహాన్ని అంచనా వేయరాదన్న సంగతి బందరు వారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే వస్త్రానికీ నగకూ లేని కష్టం కారుకు ఉంది. అందులోని లోపం డబ్బు నష్టంతో ఆగకపోవచ్చు. బ్రేకు పనిచేయని కారు కాలువ గట్టు మీద ప్రాణాలనే తీస్తుంది.

7.2 కాలువ నుంచి రోడ్డుకు

విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం 1855 నాటికి పూర్తయింది. దానితో పాటు తవ్విన కాలువలు పొలాలకు నీరిచ్చాయి, పడవలకు దారి కూడా అయ్యాయి. ధాన్యం, కలప, మనుషులు కాలువల మీదే ప్రయాణించేవారు. డెల్టా రోడ్లలో అనేకం ఈ కాలువ గట్లను ఆనుకొని ఏర్పడ్డాయి. అందువల్ల అవి ఇరుకుగా ఉంటాయి. ఒక పక్క నీరు, మరొక పక్క పల్లపు పొలం ఉంటాయి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారడం వల్ల రోడ్డు ఎప్పుడూ సమంగా ఉండదు. స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు, స్టీరింగు కీళ్లు త్వరగా అరగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

దివిసీమ పరిస్థితి మరింత ప్రత్యేకమైనది. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలను చుట్టి సముద్రంలో కలుస్తుంది. పులిగడ్డ–పెనుమూడి వారధి వచ్చేవరకు ఆవలి ఒడ్డున ఉన్న రేపల్లెకు వెళ్లాలంటే నది దాటాలి, లేదా విజయవాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. ఇప్పుడు 216వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతాన్ని అటు కత్తిపూడితోను ఇటు ఒంగోలుతోను కలుపుతున్నది. మచిలీపట్నాన్ని విజయవాడ, హైదరాబాదులతో కలిపే రహదారి నేడు 65వ నంబరు జాతీయ రహదారిగా పిలవబడుతున్నది.

ఈ ప్రాంతంలో మోటారు యుగం కారుతో కాక బస్సుతో మొదలైందని చెప్పవచ్చు. స్వాతంత్ర్యానికి ముందు ప్రైవేటు యజమానులు బస్సులు నడిపేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు దొరకక బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచాయి. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లా బస్సు మార్గాలను జాతీయం చేసే పథకాన్ని జిల్లాలోని బస్సు యజమానులు సుప్రీంకోర్టులో సవాలు చేశారు. అభ్యంతరాలు విన్న అధికారి ఒకరు, నిర్ణయం చేసిన వారు మరొకరు కావడం సహజ న్యాయానికి విరుద్ధమని కోర్టు 1958 నవంబరులో తీర్పు చెప్పింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదివే ఈ ప్రసిద్ధ తీర్పు మన జిల్లా బస్సుల నుంచి పుట్టిందే. ఆ తరవాత పథకాన్ని సవరించిన విధానంలో అమలు చేశారు.

మోటారు పని ఈ ప్రాంతంలో పాఠశాలలో నేర్చుకున్నది తక్కువ. బస్సులు, లారీలు, రైసు మిల్లుల ఆయిలు ఇంజన్ల వద్ద పనిచేస్తూ నేర్చుకున్నదే ఎక్కువ. చదువునూ చేతిపనినీ కలపాలన్న ఆదర్శంతో 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైన మాట నిజమే. కాని షెడ్డులో స్పానర్లు అందించే కుర్రవాడు మేస్త్రి అయ్యే మార్గం వేరుగానే సాగింది. 1960ల దశకంలో రూపుదిద్దుకున్న విజయవాడ ఆటోనగర్ ఈ పనివారికి, విడిభాగాలకు, పాత ఇనుముకు కేంద్రమయింది. గుడివాడ, బందరు షెడ్లలో దొరకని భాగం కోసం నేటికీ అక్కడికే వెళతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
డెల్టా రోడ్ల స్వభావం వాహనాల అరుగుదలను ఎలా ప్రభావితం చేస్తుందో 5 వాక్యాలలో రాయండి.

7.3 కొరత కాలపు కార్లు

స్వాతంత్ర్యానంతరం భారతదేశంలో కార్ల ఉత్పత్తి లైసెన్సుల నియంత్రణలో ఉండేది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ – ఈ మూడే ప్రధానమైన కార్లు. ఫియట్‌ను తరవాత ప్రీమియర్ పద్మిని అన్నారు. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అందువల్ల చేతిలో ఉన్న పాత కారుకు విలువ పడిపోయేది కాదు. వైద్యుడు, మిల్లు యజమాని, పెద్దరైతు వాడిన బండి తరవాత టాక్సీ అయ్యేది. టాక్సీగా అరిగిన బండి మరొక యజమానికి వెళ్లేది. ఒక బండికి నలుగురైదుగురు యజమానులు ఉండడం వింత కాదు.

పాత బండికి కొత్త జీవితం ఇవ్వడంలో రాష్ట్రమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. గుడివాడ ప్రాంతంలోని నిమ్మకూరులో జన్మించిన ఎన్.టి. రామారావు 1982లో తెలుగుదేశం పార్టీ ప్రచారానికి వాడిన చైతన్యరథం, ఒక పాత షెవ్రొలే వ్యానును మార్చి తయారుచేసినదే. ఆ బండి రాష్ట్రమంతటా వేల కిలోమీటర్లు తిరిగింది. 1983 ఎన్నికలలో ఆయన గుడివాడ నుంచి కూడా గెలిచారు.

అంబాసిడర్ 1957–58 నుంచి 2014 వరకు తయారయింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మారినా చాలాకాలం దాని ప్రాథమిక నిర్మాణం మారలేదు. పెట్రోలు బండిలో 1,489 ఘనసెంటీమీటర్ల ఇంజిను దశాబ్దాల పాటు కొనసాగింది. చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒక విషయం గమనించాలి. యంత్రం మారకపోవడం దేశీయ పరిశ్రమకు వెనుకబాటు. కాని అదే స్థిరత్వం మెకానిక్ జ్ఞానానికి పునాది అయింది. తండ్రి తరం విన్న శబ్దాన్నే కొడుకు తరం కూడా విన్నది. ఏ శబ్దం ఏ లోపానిదో, ఏ నూనె మరక ఎక్కడి నుంచి వస్తుందో తెలిపే నోటి శాస్త్రం ఒకటి ఏర్పడింది. తరవాతి రెండు విభాగాలలో ఆ శాస్త్రాన్ని క్రమపద్ధతిలో చూద్దాం.

7.4 లీకుల పరిశీలన

కారులో తిరిగే ద్రవాలు అనేకం. ప్రతిదానికీ రంగు, వాసన, జిగట, కారే చోటు వేరువేరుగా ఉంటాయి. పరీక్షించే విధానం సులభమైనది. రాత్రి బండి నిలిపే చోట శుభ్రమైన అట్టముక్క గాని పాత వార్తాపత్రిక గాని పరచాలి. ఉదయం బండి కదిపే ముందు మరకలు ఏ భాగం కింద పడ్డాయో గుర్తించాలి. అమ్మేవారు ఇంజినును డీజిలుతో కడిగి మెరిసేలా చేసి ఉంటే మొదటి చూపుకు ఏమీ కనిపించదు. అప్పుడు ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపిన తరవాతే చూడాలి. మరీ శుభ్రంగా ఉన్న పాత ఇంజినును అనుమానించడం మేస్త్రీల మొదటి పాఠం.

(అ) ఇంజినాయిలు: నలుపు లేదా ముదురు గోధుమ రంగులో జారుడుగా ఉంటుంది. ఇంజిను పైమూత రబ్బరు పాతబడితే నూనె పైనుంచి పక్కలకు జారుతుంది. దీని ఖర్చు స్వల్పం. ఇంజినుకూ గేరుబాక్సుకూ నడుమ కారితే అది క్రాంక్‌షాఫ్టు వెనుక సీలు కావచ్చు. ఆ సీలు వెల చిన్నదే, కాని దాన్ని మార్చడానికి గేరుబాక్సు దించాలి. అందుచేత మరక పరిమాణం కంటే మరక పడిన చోటే ముఖ్యం. నూనె కింది నుంచి పైకి పాకదు. కాబట్టి తడి కనిపించిన చోట్లలో అన్నిటికంటే ఎత్తున ఉన్నదానినే మూలంగా భావించాలి. నడిచే బండిలో గాలి నూనెను వెనక్కు చిమ్ముతుందని కూడా గుర్తుంచుకోవాలి.

(ఆ) రేడియేటరు నీరు: కూలెంటు కలిపిన నీరు ఆకుపచ్చగానో నారింజ రంగులోనో ఉండి కొంచెం తియ్యని వాసన వేస్తుంది. పూర్వం వట్టి నీరే పోసేవారు. కాలువ నీటిలోని ఒండ్రు, తీరగ్రామాల బావి నీటిలోని ఉప్పు రేడియేటరు గొట్టాలలో చేరి పాచి, తుప్పు, గార కట్టించేవి. వేసవిలో ఇంజిను వేడెక్కడానికి ఇది పెద్ద కారణం. రేడియేటరు కారితే పసుపు వేయడం పాత డ్రైవర్ల చిట్కా. పసుపు పొడి సన్న రంధ్రంలో చేరి తాత్కాలికంగా మూస్తుంది. ఊరు చేరడానికి అది ఉపాయమే. కాని అమ్మకానికి ముందు అదే పని చేస్తే మోసం అవుతుంది. ఇంజిను పూర్తిగా చల్లారిన తరవాతే మూత తీసి, నీటి రంగు, మూత లోపలి మడ్డి చూడాలి. వేడి రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ తీయరాదు. ఆవిరి ఎగజిమ్మి ముఖం కాలుతుంది.

(ఇ) బ్రేకు ద్రవం: దాదాపు రంగు లేకుండా లేత పసుపుగా, పలుచగా ఉంటుంది. పెయింటు మీద పడితే రంగు ఊడదీస్తుంది. చక్రం లోపలివైపు తడిగా ఉంటే చక్రం దగ్గరి సిలిండరు కారుతున్నదని అర్థం. లీకులన్నిటిలో ఇది ప్రమాదకరమైనది. చుక్క కనిపించినా బాగుచేయించకుండా బండి నడపరాదు.

(ఈ) గేరాయిలు: చిక్కగా ఉండి గంధకం వంటి ఘాటు వాసన వేస్తుంది. గేరుబాక్సు కింద గాని, వెనుక చక్రాలను తిప్పే బండ్లలో వెనుక ఇరుసు మధ్య గాని కనిపిస్తుంది.

(ఉ) పవర్ స్టీరింగు ద్రవం: చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. కొత్త తరం కార్లలో విద్యుత్ స్టీరింగు రావడంతో ఇది తగ్గింది.

(ఊ) ఇంధనం: వాసనతోనే తెలుస్తుంది. పెట్రోలు ట్యాంకు సన్నగా కారితే బట్టల సబ్బు అరగదీసి పూయడం దారిలో చేసే తాత్కాలిక ఉపాయం. ట్యాంకు మీద సబ్బు పెచ్చు కనిపిస్తే ఆ కథ అడగాలి.

(ఋ) స్వచ్ఛమైన నీరు: ఏసీ వేసిన బండి కింద ముందుభాగంలో చుక్కలు పడడం లోపం కాదు. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతంలో ఈ నీరు మరీ ఎక్కువ. కాని ఆ నీరు బయటికి పోక కారు లోపలి చాపను తడిపితే గొట్టం మూసుకున్నదని గ్రహించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
లీకు పరిమాణం కంటే లీకు స్థానం ఎందుకు ముఖ్యం? ఒక ఉదాహరణతో వివరించండి.

7.5 పొగ, శబ్దం, తొక్కుడు

బండిని చూడడానికి వెళ్లినప్పుడు ఇంజిను చల్లగా ఉండాలి. ముందే స్టార్టు చేసి వేడిచేసి ఉంచితే, మొదటి స్టార్టులో బయటపడే లోపాలు దాగిపోతాయి. బానెటు మీద చేయి వేసి చూడడం ఇందుకే.

పొగ రంగు మూడు సంగతులు చెబుతుంది. నీలిపొగ వస్తే నూనె మండుతున్నదని అర్థం. స్టార్టు చేసిన కొద్ది క్షణాలే వచ్చి ఆగితే వాల్వు సీళ్లు పాతబడి ఉండవచ్చు. బరువు లాగేటప్పుడు నిరంతరంగా వస్తే పిస్టను రింగులు, సిలిండరు గోడలు అరిగి ఉండవచ్చు. దీన్నే వాడుకలో ఇంజిను బోరుకు వచ్చిందంటారు. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువగాను గాలి తక్కువగాను అందుతున్నదని అర్థం. ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు, డీజిలు బండిలో ఇంజెక్టర్లు చూడాలి. తెల్లపొగ చలి ఉదయాన కొద్దిసేపు రావడం సహజం. ఇంజిను వేడెక్కిన తరవాత కూడా దట్టంగా వస్తూ, రేడియేటరు నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెటు పోయి నీరు సిలిండరులోకి చేరుతున్నదేమో చూడాలి. అప్పుడు ఇంజినాయిలు మూత లోపల మజ్జిగ వంటి తెల్లని నురగ కనిపించవచ్చు. ఊరికే దగ్గర దూరాలు తిరిగే బండిలో తేమ వల్ల కూడా కొద్దిపాటి నురగ ఏర్పడుతుంది. కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. చరిత్ర రచనలో ఒకే ఆధారంపై నిర్ణయానికి రానట్లే ఇక్కడ కూడా రెండు మూడు గుర్తులు కలవాలి.

శబ్దాల విషయానికి వస్తే, ఇంజిను పైన కుట్టుమిషను వంటి టకటక చప్పుడు టాపెట్ల సర్దుబాటుతో పోవచ్చు. కింది నుంచి వచ్చే బరువైన దబదబ చప్పుడు బేరింగులది. అది పెద్ద ఖర్చు. వేగంతో పాటు పెరిగే ఊళ వంటి శబ్దం చక్రపు బేరింగుది కావచ్చు. గుంటలో దిగినప్పుడు వచ్చే కటుక్కుమనే చప్పుడు బుష్షులది గాని బాల్‌జాయింటుది గాని అవుతుంది. పూర్తిగా మలుపు తిప్పి నడిపినప్పుడు కటకటమంటే, ముందు చక్రాలతో లాగే మారుతి వంటి బండ్లలో డ్రైవ్‌షాఫ్టు కీళ్లు అరిగాయని గుర్తు.

బ్రేకు పెడలును గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే ఉంచాలి. అది మెల్లగా కిందికి దిగిపోతే ద్రవం ఎక్కడో కారుతున్నదని గాని, మాస్టరు సిలిండరు లోపలి రబ్బరు పోయిందని గాని తెలుసుకోవాలి. ఎదురుగా లారీ వస్తే పక్కకు తప్పుకోవడానికి అడుగు చోటు కూడా లేని గట్టు రోడ్డు మీద ఈ ఒక్క నిమిషం పరీక్ష ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. క్లచ్ సంగతి ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. డెల్టాలో కొండలు లేవు కాబట్టి వంతెన ఎక్కే దారే పరీక్షాస్థలం. అక్కడ ఇంజిను రొద పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లు.

7.6 ఉప్పు, వరద: డెల్టా ప్రత్యేక లోపాలు

పై లోపాలు ఎక్కడి కారులోనైనా ఉంటాయి. దిగువ కృష్ణా డెల్టాలో వాటికి తోడు రెండు స్థానిక కారణాలు ఉన్నాయి.

మొదటిది ఉప్పుగాలి. ఇనుము తుప్పు పట్టడానికి తేమ, ప్రాణవాయువు కావాలి. ఉప్పు ఆ చర్యను వేగవంతం చేస్తుంది. మచిలీపట్నం, నాగాయలంక, కోడూరు వంటి చోట్ల తిరిగిన బండికి తలుపుల అడుగు అంచులు, నేలరేకు, జాకీ పెట్టే చోట్లు, సైలెన్సరు, బ్రేకు గొట్టాలు ముందుగా దెబ్బతింటాయి. 1990ల నాటికి విస్తరించిన రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఉప్పునీటి తాకిడి ఇంకా ఎక్కువ. టింకరింగు షెడ్డులో తుప్పు రంధ్రానికి లప్పం పెట్టి రంగు వేస్తే పైకి ఏమీ తెలియదు. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద జరిపితే, లప్పం మందంగా ఉన్న చోట అది పట్టుకోదు. చిలకలపూడి పైపూత సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

రెండవది వరద. ఈ తీరం 1864 నవంబరులో, 1977 నవంబరు 19న ఉప్పెనలను చూసింది. 1977 ఉప్పెనలో దివిసీమలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు పోయిన వాటిలో కార్ల ప్రస్తావన లేకపోవడం సహజం, గ్రామాల్లో కార్లే అరుదు. 2009 అక్టోబరు కృష్ణా వరదలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులను దాటింది. 2024 సెప్టెంబరులో మళ్లీ అంతకు మించిన ప్రవాహం వచ్చింది. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలలో పెద్ద సంఖ్యలో వాహనాలు నీట మునిగాయి. ఈ మూడు సంఘటనలను వరుసగా చూస్తే సమాజం వాహనమయమైన క్రమం కనిపిస్తుంది. 1977లో వరద మనుషులను, పశువులను, ఇళ్లను తీసుకుపోయింది. 2024లో దానితో పాటు వాయిదాలు ఇంకా తీరని కార్లను కూడా ముంచింది. మునిగిన బండి ఎండి, కడిగించుకొని, మరొక ఊరి మార్కెట్టుకు రావడం అసాధ్యం కాదు.

వరద బండిని గుర్తించడానికి కొన్ని చోట్లు చూడాలి. సీటు బెల్టును చివరివరకు లాగితే మడ్డి గీత కనిపించవచ్చు. నేలచాప కింద, స్పేరు టైరు గుంటలో సన్న ఒండ్రు మిగిలిపోతుంది. సీటు పట్టాల మరలకు తుప్పు, హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ, వైర్ల కొనలకు ఆకుపచ్చ చిలుము, ఏసీ వేయగానే ముక్కవాసన – ఇవన్నీ సాక్ష్యాలే. వరదనీటిలో స్టార్టు చేసిన ఇంజిను సిలిండర్లలోకి నీరు పీల్చుకుంటుంది. నీరు నొక్కుకుపోయేది కాదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. వైరింగు లోపం వెంటనే కాక నెలల తరవాత బయటపడడం వీటి అసలు ప్రమాదం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
1977, 2009, 2024 సంఘటనలను వాహనాల వ్యాప్తి దృష్ట్యా పోల్చండి.

7.7 నమ్మకం, మార్కెట్టు, చట్టం

పాత కార్ల మార్కెట్టు ప్రపంచ అర్థశాస్త్ర చరిత్రలో కూడా స్థానం పొందింది. అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో దీనిని ఉదాహరణగా తీసుకున్నాడు. అమెరికా వాడుకలో లోపాలున్న కారును నిమ్మకాయ అంటారు. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. మంచి కారు విలువ 2 లక్షలు, చెడ్డ కారు విలువ 1 లక్ష అనుకుందాం. ఏది మంచిదో కొనేవారికి తెలియదు. కనుక వారు నడిమి ధర లక్షన్నర ఇస్తామంటారు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు, చెడ్డ కారు యజమాని సంతోషంగా అమ్ముతాడు. క్రమంగా మార్కెట్టులో చెడ్డవే మిగులుతాయి. నిజాయితీపరుడైన అమ్మకందారుకు కూడా దీనివల్ల నష్టమేనని అకర్లాఫ్ చూపాడు. సమాచార అసమానతపై కృషికి 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఈ సిద్ధాంతం తెలియకపోయినా మన ప్రాంతం దానికి విరుగుడు వెతుక్కున్నది. ఊరివారి బండినే కొనడం, బంధువుల ద్వారా బేరం చేయడం, డాక్టరుగారి బండి అని చెప్పగానే ఎక్కువ ధర పలకడం – ఇవన్నీ మనిషి మీద నమ్మకాన్ని వస్తువు మీదికి మార్చే పద్ధతులు. వాటితో పాటు, తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లడం ఆచారమయింది. అయితే అమ్మేవారి నుంచి కూడా కమీషను తీసుకునే మధ్యవర్తి పరీక్షకుడు కాలేడు. అందుచేత మెకానిక్ పేరు, పరపతి అతని పెట్టుబడి అయ్యాయి.

చట్టం దృష్టి వేరు. 1930 వస్తు విక్రయ చట్టంలోని 16వ సెక్షను సాధారణంగా కొనేవారే జాగ్రత్తపడాలన్న సూత్రాన్ని అనుసరిస్తుంది. పరీక్షించి కొన్నవారు, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపం గురించి తరవాత ఫిర్యాదు చేయడం కష్టం. కాని 1872 కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం తెలిసిన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా కప్పిపుచ్చడం మోసమే. ఊరుకోవడానికీ కప్పిపుచ్చడానికీ ఉన్న తేడా ఇక్కడ కీలకం. కిలోమీటరు మీటరును వెనక్కి తిప్పడం, పసుపు వేసి లీకు మూసి మంచి రేడియేటరని నమ్మించడం రెండవ కోవకు చెందుతాయి.

యాజమాన్య బదిలీ కాగితాలు యంత్ర పరీక్ష కంటే తక్కువ ముఖ్యమైనవి కావు. 1939 మోటారు వాహనాల చట్టం స్థానంలో వచ్చిన 1988 చట్టంలోని 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ బదిలీని రిజిస్టరింగు అధికారికి తెలపాలి. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి. అప్పు మీద కొన్న బండి అయితే అప్పు తీరిందని తెలిపే 35వ ఫారం కూడా ఉండాలి. ఖాళీ ఫారాలపై సంతకాలు తీసుకొని చేతులు మార్చుకుంటూ పోయే అలవాటు వల్ల సి-బుక్కులో పాత యజమాని పేరే మిగిలిపోతుంది. అటువంటి బండి ప్రమాదం చేస్తే రిజిస్టరులో పేరున్నవారే నష్టపరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే ఏళ్ల క్రితం బండి అమ్మేసి మరచిపోయిన వ్యక్తి కూడా కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. ఈ సమస్యను దృష్టిలో ఉంచుకొనే కేంద్రప్రభుత్వం 2022 డిసెంబరులో పాత వాహనాల డీలర్లకు నియమాలు ప్రకటించింది. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

7.8 చెవి నుంచి స్కానరుకు

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో కొరత కాలం ముగింపుకు బీజం పడింది. 1991 ఆర్థిక సంస్కరణల తరవాత కొత్త సంస్థలు, కొత్త నమూనాలు వచ్చాయి. కాలుష్య నియమాలు కఠినమయ్యే కొద్దీ కార్బురేటరు పోయి కంప్యూటరు నియంత్రించే ఇంధన వ్యవస్థ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 నియమాలు అమలయ్యాయి. 2001లో మారుతి సంస్థ ట్రూ వాల్యూ పేరుతో పాత కార్ల వ్యాపారంలోకి దిగింది. వ్యక్తి మీద ఉన్న నమ్మకం ఇప్పుడు సంస్థ ముద్ర మీదికి మారసాగింది.

పరీక్షా విధానం కూడా మారింది. స్కానరును తగిలిస్తే లోపం సంకేత సంఖ్యగా కనిపిస్తుంది. కాని ఆ సంకేతాలను అమ్మకానికి ముందు తుడిచివేయవచ్చు. తాళం తిప్పగానే ఇంజిను హెచ్చరిక దీపం వెలిగి, స్టార్టు కాగానే ఆరాలి. అసలు వెలగకపోతే దానిని పనిచేయకుండా చేశారేమో అనుమానించాలి. బ్రేకు ద్రవం కారడాన్ని, నేలరేకు తుప్పును, చాప కింది ఒండ్రును ఏ స్కానరూ చూపదు. కొత్త పరికరం పాత జ్ఞానంలో కొంత భాగాన్నే భర్తీ చేసింది.

ఇక్కడ చరిత్ర విద్యార్థులకు ఒక బాధ్యత ఉంది. అంబాసిడర్, పద్మిని ఇంజన్లను చెవితో చదివిన తరం వృద్ధాప్యంలో ఉంది. వారి జ్ఞానం పుస్తకాలలో లేదు. పనిముట్ల పేర్లు, శబ్దాలకు వారు పెట్టుకున్న మాటలు, శిష్యరిక పద్ధతులు, కూలి రేట్లు వంటివి నమోదు చేస్తే డెల్టా శ్రామిక చరిత్రకు విలువైన ఆధారాలవుతాయి. మీ ఊరి షెడ్డులో ఒక సీనియరు మెకానిక్‌ను కలిసి, ఆయన అనుమతితో రెండు పుటల మౌఖిక చరిత్ర రాయండి. ఆయన చెప్పిన సంవత్సరాలను బండి రిజిస్ట్రేషను కాగితాలతో గాని మరొకరి మాటతో గాని సరిచూసుకోండి.

7.9 సారాంశం

దిగువ కృష్ణా డెల్టాలో రవాణా కాలువల నుంచి గట్టు రోడ్లకు మారింది. లైసెన్సుల కాలపు కొరత పాత కార్లకు దీర్ఘాయువును, మెకానిక్‌లకు స్థిరమైన జ్ఞానాన్ని ఇచ్చింది. లీకు రంగు, స్థానం, పొగ, శబ్దం, పెడలు తీరు ఆధారంగా లోపాన్ని నిర్ధారించే పద్ధతి అలా ఏర్పడింది. ఏ ఒక్క గుర్తూ చాలదు, అనేక గుర్తులు కలిస్తేనే నిర్ణయం చేయాలి. ఉప్పుగాలి, వరద ఈ ప్రాంతపు ప్రత్యేక కారణాలు. సమాచార అసమానతను పూడ్చడానికి బంధుత్వం, మెకానిక్ పరపతి, చట్టం, కంపెనీ ముద్ర వేరువేరు కాలాల్లో ప్రయత్నించాయి. వీటిలో ఏదీ కొనేవారి సొంత పరిశీలనకు పూర్తి ప్రత్యామ్నాయం కాలేదు.

7.10 కీలక పదాలు

సమాచార అసమానత: ఒక లావాదేవీలో ఒక పక్షానికి తెలిసినది మరొక పక్షానికి తెలియకపోవడం.
హెడ్ గాస్కెటు: ఇంజిను పైభాగానికీ కింది దిమ్మకూ నడుమ నూనె, నీరు, వాయువులు కలవకుండా ఉంచే పలుచని పొర.
లప్పం: రేకు గుంటలను, రంధ్రాలను పూడ్చడానికి వాడే ముద్ద.
మౌఖిక చరిత్ర: జ్ఞాపకాలను ఇంటర్వ్యూల ద్వారా నమోదు చేసి ఆధారంగా వాడే పద్ధతి.

7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లైసెన్సు–పర్మిట్ల కాలంలో పాత కార్ల మార్కెట్టు స్వభావాన్ని వివరించి, అది మెకానిక్ జ్ఞానాన్ని ఎలా రూపొందించిందో చర్చించండి.
2. అకర్లాఫ్ సిద్ధాంతాన్ని దిగువ కృష్ణా డెల్టా అనుభవంతో పోల్చి విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత కారులో కనిపించే లీకులను వర్గీకరించి, వాటిలో ప్రమాదకరమైన దానిని కారణాలతో గుర్తించండి.
2. వరదలో మునిగిన కారును గుర్తించే పద్ధతులను తెలపండి.
3. యాజమాన్య బదిలీ నమోదు చేయకపోవడం వల్ల అమ్మినవారికి కలిగే నష్టమేమిటి?